దెబ్బ ముందా, గడ్డ ముందా

"నేను కొట్టానా నిన్ను?"

పరుపులాయన ఈ మాట అనడం ఎన్నోసారో. ఆస్పత్రి మెట్లు దిగుతూ అన్నాడు. బండి తాళం తిప్పుతూ అన్నాడు. దారిలో ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు పక్కబండివాడు తల తిప్పి చూసేంత గట్టిగా అన్నాడు. ఇప్పుడు ఇంటికొచ్చి, కొట్టు వెనక గదిలో నిలబడి, చెప్పులైనా విప్పకుండా మళ్ళీ అంటున్నాడు.

"నేనలా చెప్పలేదు కదండీ," అంది దూదమ్మ.

"కాదని చెప్పావా మరి?"

ఆమె మంచం అంచున కూర్చుని కాళ్ళు చాపుకుంది. ఒళ్ళంతా ఎవరో పిండి ఆరేసినట్టుంది.

దూదమ్మ అంటే అది పెట్టిన పేరు కాదు లెండి. పరుపులు కుట్టే ఇంటికి కోడలిగా వచ్చాక, పొద్దస్తమానం జుట్టులో దూది పింజలు వేళ్ళాడుతుంటాయని ఆడపడుచులు సరదాకి అన్నారు. అదే ఉండిపోయింది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఆమే పక్కకి చూస్తుంది.

"ఆ డాక్టరమ్మ నన్నెలా చూసిందో తెలుసా నీకు?" అన్నాడు పరుపులాయన. "చెప్పు కింద పడ్డ పురుగుని చూసినట్టు చూసింది. 'ఇంకోసారి ఈమె ఒంటిమీద దెబ్బ కనపడితే నేను ఊరుకోను' అంది. బెంచీ మీద ముసలామె ఒకావిడ నా పక్కనుంచి లేచి అవతలికెళ్ళి కూర్చుంది. ఏమే, పెళ్ళయినకాడ్నుంచి నీ మీద చెయ్యెత్తానా నేను?"

"ఎత్తలేదు."

"నోరు చేసుకుంటాను. అది ఒప్పుకుంటా. వీధి చివరిదాకా వినపడుతుంది నా నోరు. కానీ చెయ్యి?"

"లేదన్నానుగా."

"ఆ ముక్క అక్కడ అనడానికి ఏమొచ్చింది నోటికి?"

ఏమొచ్చిందో దూదమ్మకి తెలుసు. చెప్పలేదు.

అసలు జరిగింది ఇంత. ఎడమవైపు నొప్పని మూలుగుతుంటే వినలేక, పొద్దున్నే పరుపులాయనే ఆమెని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ ఆ కమిలిన చోటు చూసింది. ఎడమవైపు రొమ్ము మీద అరచేయంత మేర నల్లగా, అంచుల్లో పచ్చగా ఉంది. కాసేపు తాకకుండా అలాగే చూసింది. తర్వాత ఈయన్ని బయట కూర్చోమని, తలుపు మూసి, గొంతు తగ్గించి అడిగింది. "ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటారా అమ్మా?"

దూదమ్మ తల దించుకుంది. ఆడది తల దించుకుంటే అవుననే అర్థం చేసుకుంటారు, ఏ దేశంలోనైనా.

ఆమె ఆ క్షణంలోనే నోరు తెరిచి ఉండేదేమో. కానీ డాక్టరమ్మ వెంటనే ఇంకో మాట అంది. "దెబ్బ తగిలినచోట నెత్తురు గడ్డకట్టి ఇలాగే చేతికి గట్టిగా తగులుతుందమ్మా. ఈ కమిలింపు వల్ల స్కానులో కూడా సరిగ్గా తెలియట్లేదు. ముందు ఇది తగ్గనివ్వండి. వచ్చేనెల మళ్ళీ చూద్దాం. చాలావరకు వాటంతటవే పోతాయి ఇలాంటివి."

వాటంతటవే పోతాయి.

ఎన్నాళ్ళ నుంచి ఎదురుచూసిన మాట అది! ఎండలో నడిచొచ్చినవాడికి చెంబెడు నీళ్ళిస్తే, ఏ నూతి నీళ్ళని అడుగుతాడా? దూదమ్మా అడగలేదు. కళ్ళు మూసుకుని తాగేసింది.

ఆ నీళ్ళ కోసం మొగుణ్ణి బెంచీ మీద దొంగలా కూర్చోబెట్టానని ఆ తర్వాతగానీ తెలియలేదు.

"పోనీ ఆ నలుపు ఎక్కడిదో అదైనా చెప్పు," అన్నాడు పరుపులాయన.

"దూది మూట తగిలింది."

"దూది తగిలితే కములుతుందా? నలభై ఏళ్ళ నుంచి దూదిలో పుట్టి దూదిలో పెరిగానే నేను! నాకు చెప్తావా?"

కొట్టులోంచి దగ్గు వినపడింది. అత్తగారిది. ఆవిడ దగ్గితే జబ్బు కాదు, వింటున్నానని చెప్పడం.

పరుపులాయన అటు చూసి, ఇటు చూసి, గోడకానించి ఉన్న కుట్టని పరుపుని ఒక్క గుద్దు గుద్ది బయటికెళ్ళిపోయాడు. అత్తమీద కోపం దుత్తమీద చూపించినట్టు ఉంది కానీ, పాపం ఆయన కోపం ఎవరిమీదో ఆయనకే తెలియదు.

* * *

కొట్టులో అత్తగారు నేలమీద పరుపు పరిచి మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. కళ్ళు మూసుకుని రెండు అరచేతులూ పరుపు మీద మెల్లగా జరుపుతోంది.

ఈ ఊళ్ళో పరుపులు కుట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. కానీ అత్తగారి చెయ్యి వేరు. ఆవిడ చెయ్యి దాటిన పరుపులో గడ్డ ఉండదు. దూది ఎంత ఏకినా ఎక్కడో ఒకచోట ముద్దకట్టి ఉండిపోతుంది. సంచి మూతి కుట్టేశాక అది వీపుకి తగులుతుంది. మిగతావాళ్ళయితే కుట్లు విప్పి తీసేస్తారు. ఈ ఇంట్లో అలా చెయ్యరు. "కుట్టిన పరుపు విప్పితే అది పాత పరుపు కిందే లెక్క," అనేది అత్తగారి అత్తగారు. అందుకని పైనుంచే బొటనవేళ్ళతో చుట్టూ ఒత్తుతూ, నలుపుతూ, మధ్యమధ్య వేడి గుడ్డ వేస్తూ, ఆ ముద్ద విడిపోయి మిగతా దూదిలో కలిసిపోయేదాకా వదలరు. ఒక్కోదానికి పూటంతా పడుతుంది. పట్టనీ. కరగాలి అంతే.

"ఏమందా డాక్టరు?" కళ్ళు తెరవకుండానే అడిగింది.

"ఏం కాదంది అత్తయ్యా. వాటంతటవే పోతాయంది."

"నే చెప్పలా?" ఆవిడ మొహం విచ్చుకుంది. "కరుగుతోందే అమ్మాయ్. మొన్న నా వేలికే తెలిసింది. అంచులు మెత్తబడ్డాయి. చదువుకున్నది కాబట్టి ఆవిడ నోట వింటే నమ్మావు. ఈ ముసల్ది చెప్తే నమ్మకం లేకపోయె."

"నమ్మబట్టే కదా అత్తయ్యా ఇన్నాళ్ళు..."

దూదమ్మ నేలమీద రాలిన పింజలు ఏరసాగింది.

నమ్మింది. నిజంగానే నమ్మింది. స్నానం చేస్తుంటే సబ్బు కింద ఆ గట్టిది మొదటిసారి తగిలిన రోజు, తడి బట్టల్తోనే అత్తగారి దగ్గరికి పరిగెత్తింది. మొగుడికి చెప్పలేదు. కూతురికి చెప్పలేదు. ఇలాంటిది ఎవరి చేతికి చూపించాలి? ఊళ్ళో గడ్డలన్నీ తెలిసిన చెయ్యి ఇంట్లోనే ఉందాయె. అత్తగారు కళ్ళు మూసుకుని తడిమి చూసింది. "కరుగుతుందిలే. నేనున్నాగా," అంది. ఆ పూట దూదమ్మ కంటినిండా నిద్రపోయింది.

అప్పట్నుంచి మధ్యాహ్నం తినేశాక కొట్టు తలుపు సగం దించి, వెనక గదిలో వేడి చేసిన దూది మూటతో కాపడం. ఆపైన బొటనవేళ్ళు. నొప్పికి దూదమ్మ దిండు కొరుక్కునేది. "ఓర్చుకోవే, గట్టిది తొందరగా లొంగదు," అనేది అత్తగారు. ఆవిడ నుదుటిమీద కూడా చెమటలు పట్టేవి. ఆవిడేం సరదాకి చేసిందా! కీళ్ళనొప్పులున్న చేతులు అవి.

ఇప్పుడూ అత్తగారు మోకాళ్ళు పట్టుకుని లేచింది. "రా. నీళ్ళు కాగుతున్నాయి. ఇవాళ ఆలస్యమైంది."

"ఇవాళ వద్దు అత్తయ్యా."

"ఏం?"

"ఓపిక లేదు."

"నాకుందా ఓపిక? చేస్తున్నానా లేదా?"

"వద్దన్నాను కదా!"

దూదమ్మ గొంతు తనకే కొత్తగా వినపడింది. అత్తగారు నిలబడిపోయింది. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. ఇద్దరిలో ఎవరూ వెళ్ళి ఆపలేదు.

* * *

సాయంత్రం కూతురొచ్చింది. పాలిటెక్నిక్కులో చదువుతోంది. నోరు నాన్నది, మొండితనం నాయనమ్మది, తల్లిది ఏముందో ఇంకా తేలలేదు. సంచి మూలకి విసిరేసి, తండ్రి బయట గట్టుమీద కూర్చోవడం చూసింది, తల్లి గోడవైపు తిరిగి పడుకోవడం చూసింది, నాయనమ్మ దబ్బనానికి దారం ఎక్కించలేక తిట్టుకోవడం చూసింది.

"ఏంటీ, ఇంట్లో ఎవరైనా పోయారా?"

"నోర్ముయ్, అవేం మాటలు," అంది నాయనమ్మ.

"అమ్మా, డాక్టరేమంది?"

"ఏం కాదందే."

"ఏం కాకపోతే నాన్న మొహం అలా ఉందేంటి, కొట్టు తగలబడ్డట్టు?"

బయట్నుంచి పరుపులాయన అందుకున్నాడు. "చెప్పమను! మీ నాన్న మీ అమ్మని గొడ్డుని బాదినట్టు బాదాడని చెప్పి వచ్చిందట. చెప్పమను!"

కూతురి మొహంలో రంగు పోయింది. "నాన్న కొట్టాడా?"

"లేదే! నువ్వు కూడానా!" దూదమ్మ లేచి కూర్చుంది. కూర్చునేటప్పుడు జాకెట్టు జరిగి నలుపు కనపడింది. కూతురు చూసింది. అమ్మ ఒళ్ళు అలా ఎప్పుడూ చూడలేదు ఆ పిల్ల. దగ్గరికొచ్చి మెడదగ్గర బట్ట వేలితో పక్కకి తీసింది. దూదమ్మ ఆపలేదు. ఆపే ఓపిక కూడా లేదు.

"ఇదేంటమ్మా ఇది?"

"డాక్టరమ్మ చెప్పింది కదే. దెబ్బ తగిలితే నెత్తురు గడ్డకడుతుందట. అదే చేతికి గట్టిగా తగుల్తోందట. తగ్గిపోతుందట."

అప్పజెప్పిన పాఠంలా చెప్పింది. మధ్యాహ్నం నుంచి మనసులో అదే వల్లెవేసుకుంటోంది మరి.

కూతురు ఆ బట్ట మళ్ళీ సర్దింది. తర్వాత మామూలుగానే అడిగింది, కూరగాయల బేరం అడిగినట్టు.

"దెబ్బ ముందా, గడ్డ ముందా?"

దూదమ్మ మంచం మీది దుప్పటి మడత సర్దింది.

"అమ్మా, నిన్నే. దెబ్బ తగిలాక గడ్డ వచ్చిందా? గడ్డ వచ్చాక దెబ్బ తగిలిందా?"

పరుపులాయన గట్టుమీంచి లేచి గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. ఆయనకి ఈ లెక్క తట్టనేలేదు. తన పరువు గొడవలో పడి, అసలు గొడవ ఏంటో మర్చిపోయాడు మనిషి.

దూదమ్మ చూపు తనకి తెలియకుండానే అత్తగారి మీదికెళ్ళింది. వెళ్ళినది వెనక్కి లాక్కునేలోపే అందరికీ దొరికిపోయింది.

"గడ్డే ముందు," అంది అత్తగారు. దబ్బనం పరుపులో గుచ్చి వదిలేసింది. "దెబ్బ లేదు, పాడూ లేదు. నేనే నలిపాను. కరగాలని నలిపాను."

"నువ్వా?" పరుపులాయన గొంతు కీచుమంది. "అమ్మా... నువ్వా?"

"నేనే. ఏం, పరాయిదాన్నా? నా కోడలు. నా దగ్గరికొచ్చి ఏడ్చింది. ఊరుకోమంటావా?"

"నలిపితే పోతుందా అది? అదేమన్నా దూది ముద్దా?"

"మరేంట్రా? నీకు తెలుసా ఏంటో? చెప్పు, నీకు తెలిస్తే చెప్పు!" ఆవిడ గొంతు పెరిగింది. "నీ తల్లి ఈ చేతుల్తోనే నిన్ను పెంచింది. ఈ చేతుల్తోనే ఈ కొట్టు నిలబెట్టింది. ఇవాళ ఈ చేతులు పనికిరావు అంటున్నావా?"

"నాయనమ్మా, ఎవరూ అలా అనట్లేదు," అంది కూతురు.

"అంటున్నారే! అందరి మొహాల్లోనూ ఉంది!"

పరుపులాయన పెళ్ళాం వైపు తిరిగాడు. ఈసారి అరవలేదు. అరవకపోవడానికే భయమేసింది దూదమ్మకి.

"నీకు తెలుసు. అక్కడ డాక్టరు అడిగినప్పుడు నీకు తెలుసు. మా అమ్మ పేరు చెప్పలేక ఊరుకున్నావు. అంతేనా?"

కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది అంటారు. కానీ ఎన్నాళ్ళు మూసుకుని ఉంచుతుంది?

"అంతే కాదండీ," అంది. "సగం అదే. మిగతా సగం... ఆవిడ దెబ్బ వల్లే అంది కదా. దెబ్బ కాదంటే మరేంటని అడుగుతుంది. అది అడిగించుకోవాలని లేదు నాకు. నెలరోజులు ఏం కాదనుకుని బతకొచ్చు అనిపించింది. మీ మీద నింద పడుతోందని తెలిసీ నోరు మూసుకున్నాను. నాకు ఆ మాట కావాలి. ఏం కాదు అన్న మాట. ఎవరి దగ్గర దొరికితే వాళ్ళ దగ్గర. అత్తయ్య దగ్గర దొరికింది తీసుకున్నా. డాక్టరు దగ్గర దొరికింది తీసుకున్నా."

పరుపులాయన గుమ్మంలోనే చతికిలబడ్డాడు. చాలాసేపు చేతుల్లోకి చూసుకున్నాడు.

"నేను కొట్టి ఉంటేనే బాగుండేదే," అన్నాడు చివరికి. "నిజంగా. వెధవనైతే వెధవని. ఊరంతా ఉమ్మేసినా పడేవాణ్ణి. నెత్తురు గడ్డే అయ్యుండేది కదా."

కూతురు మొహం అవతలికి తిప్పుకుంది. అత్తగారు మళ్ళీ దగ్గింది. ఈసారి వింటున్నానని కాదు.

* * *

పొద్దున్నే అందరికంటే ముందు తయారై కూర్చుంది అత్తగారు. తల దువ్వుకుని, పెళ్ళికెళ్ళేటప్పుడు వేసుకునే చెప్పులు వేసుకుంది.

"మీరెందుకు అత్తయ్యా?"

"నేను చేసింది నేనే చెప్పుకుంటా. నా బదులు నా కొడుకు తిట్లు తినక్కర్లేదు."

"నేను మాత్రం లోపలికి రాను," అన్నాడు పరుపులాయన తాళాల కోసం వెతుకుతూ. "బండి దగ్గరే ఉంటా."

ఉండలేదు. ఆస్పత్రికి చేరాక వాళ్ళ వెనకాలే మెట్లెక్కాడు. వరండాలో నర్సు ఆయన్ని గుర్తుపట్టి మూతి బిగించింది. ఆయన గోడకి అతుక్కుపోయి నడుస్తున్నాడు, తేలు కుట్టిన దొంగలాగా.

అత్తగారు నర్సు ముందాగింది. "అమ్మాయ్, ఆ చూపు వాడివైపు కాదు, ఇటు తిప్పు. కొట్టింది వాడు కాదు. నేను."

నర్సు నోరు తెరిచింది. బెంచీల మీద వాళ్ళంతా ఇటు తిరిగారు.

"అమ్మా! మెల్లగా!" అన్నాడు పరుపులాయన.

"నిన్న నీ పరువు అందరిముందూ పోయిందిగా. అందరిముందే రానీ."

ఇంత గొడవలోనూ దూదమ్మకి నవ్వొచ్చింది. నవ్వితే ఎడమవైపు నొప్పేసింది. ఆపేసింది.

గదిలో డాక్టరమ్మ తలెత్తి చూసింది. వచ్చేనెల రమ్మన్న మనిషి మర్నాడే రావడం, పక్కన ముసలావిడ.

"మళ్ళీ ఏమైంది? మళ్ళీ కొట్టారా?"

"లేదండీ. నిన్న నేను..." దూదమ్మ కొంగు కొస వేలికి చుట్టుకుంది.

అత్తగారే అందుకుంది. పరుపుల సంగతి చెప్పింది. కాపడం సంగతి, బొటనవేళ్ళ సంగతి చెప్పింది. చేతులు ఎలా తిప్పుతుందో గాల్లో తిప్పి చూపించింది. డాక్టరమ్మ మధ్యలో అడ్డు పడలేదు. ఆమె కళ్ళల్లో మొదట కోపమొచ్చింది, తర్వాత అదీ పోయింది.

"అయితే నెత్తురు గడ్డ కాదన్నమాట. గడ్డ ముందు నుంచే ఉంది," అంది. "ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నారు?"

"కొన్నాళ్ళ నుంచి," అంది దూదమ్మ గబుక్కున. అత్తగారిని కాపాడటం అలవాటైపోయిన నోరు అది.

అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. "కాదు డాక్టరమ్మా. అబద్ధం. వానలు మొదలవక ముందు నుంచి. వానలన్నీ వెళ్ళిపోయాయి కూడా."

డాక్టరమ్మ రాస్తున్నది ఆపేసింది. కలం పక్కన పెట్టింది. కిటికీలోంచి ఎండ బల్లమీద పడుతోంది. ఎవరో అవతల గదిలో గ్లాసులు కడుగుతున్నారు.

"వచ్చేనెల కాదు. ఇవాళే," అంది. "సూదితో లోపల్నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపిస్తాం. కమిలినా సరే, ఇంక ఆగేది లేదు."

"సూదా?" అత్తగారు అదిరిపడింది. "సూది పెడితే నిద్రపోయేది లేస్తుందంటారే. వద్దమ్మా, దానికి సూది..."

"పొద్దస్తమానం దబ్బనం పట్టుకునే మనిషి, మీరు అంటున్నారా అత్తయ్యా సూదికి భయమని?" అంది దూదమ్మ. ఎక్కడ్నుంచొచ్చిందో ఆ మాట. చాలా అలిసిపోయినప్పుడు భయం కూడా అలిసిపోయి కాసేపు పక్కన కూర్చుంటుంది కాబోలు.

"సూది వల్ల ఏదీ లేవదమ్మా," అంది డాక్టరమ్మ.

అత్తగారు పెదాలు తడుపుకుంది. "ఒక్క ముక్క చెప్పు తల్లీ. నేను నలపడం వల్లే అది... ముదిరిందా?"

"నలిపితే రాదు. నలిపితే పోదు కూడా. కానీ నలుపుతూ కూర్చున్నన్నాళ్ళూ నా దగ్గరికి రాలేదు చూడండి, అదీ నష్టం."

అత్తగారు తలాడించింది. తలాడిస్తూనే ఉండిపోయింది, ఆపడం తెలియనట్టు.

"డాక్టరమ్మా," అంది దూదమ్మ బల్ల ఎక్కబోతూ. "ఏం కాదని ఒక్కసారి అనండి. అబద్ధమైనా పర్లేదు."

"నిన్న అన్నాను కదమ్మా. తెలియకుండా అన్నాను. ఇవాళ అనను. తెలిశాక ఉన్నదున్నట్టు చెప్తాను."

ఆ మాట చేదుగానే ఉంది. కానీ ఇన్నాళ్ళలో మొదటిసారి కాళ్ళకింద నేల తగిలినట్టుంది దూదమ్మకి. గట్టి నేల. చల్లటి నేల. సరే, నేలే కదా.

పడుకుంది. పైన పంకా మెల్లగా తిరుగుతోంది. రెక్కమీద దుమ్ము చూసి, దూదేమో అనుకుంది. డాక్టరమ్మ చేతులు కడుక్కునొచ్చి, వేళ్ళతో చుట్టూ చూసింది. నొక్కలేదు. తట్టినట్టు, అడిగినట్టు చూసింది. అత్తగారి చేతులకీ ఈ చేతులకీ తేడా ఏంటో ఆలోచించింది దూదమ్మ. ఇవి దేన్నీ కరిగించాలనుకోవట్లేదు. ఊరికే తెలుసుకుంటున్నాయి.

"చెయ్యి పైకెత్తండి. తల వెనకాల పెట్టుకోండి."

ఎత్తింది. డాక్టరమ్మ వేళ్ళు చంకలోకి జరిగాయి. కొంచెం పైకి, కొంచెం లోపలికి జరిగాయి.

ఆగాయి.

"ఇక్కడి గడ్డ ఎప్పట్నుంచి ఉంది?"

"ఎక్కడిదండీ?" అంది దూదమ్మ. "అక్కడేం లేదే. నేనెప్పుడూ..."

డాక్టరమ్మ దూదమ్మ వైపు చూడలేదు. తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్న ముసలావిడ వైపు చూసింది. దూదమ్మ కూడా మెల్లగా తల తిప్పింది.

"అత్తయ్యా. మీ చేతికి తగల్లేదా?"

ఊళ్ళో ఏ పరుపులో ఎక్కడ ముద్దకట్టినా కళ్ళు మూసుకుని పట్టేసే అత్తగారు, తన రెండు చేతుల్నీ తొడలకింద పెట్టుకుని, వాటిమీద బరువంతా వేసి కూర్చుని ఉంది. దొంగతనం చేసిన పిల్ల చేతులు దాచుకున్నట్టు.